‘అయినట్టే’ అనే మాట

“అయినట్టే అంటవేందన్నా? అయిందా, కాలేదా? రెండిట్ల ఒకటి జెప్పు.”

“అయినట్టే అక్కా. చట్రం అయింది. రోలర్లు అయినై. ఇగ గేర్‌బాక్స్ ఒక్కటి ఎక్కిందంటే అయినట్టే.”

“పోయిన పారి వచ్చినప్పుడు గూడ గదే జెప్పినవ్. అంతకు ముందుగాల గూడ గదే. నువ్వు అయినట్టే అయినట్టే అనుకుంట ఉండు, అక్కడ నా చెరుకు బెండు వడుతున్నది.”

“మరి నన్నేం జేయమంటవ్? పొద్దు పొడిస్తే పొద్దు గూకేదాక చెయ్యి ఖాళీ లేదు. అన్నం దిన్ననో లేదో మా అవ్వను అడుగు.”

“నువ్వు దిన్నవో లేదో నాకెందుకన్నా? నా గానుగ ఏది?”

నా కొడుకు షెడ్డు మూలకు ఒకసారి చూశాడు. మెడ మీది తువాలు తీసి మొహం తుడుచుకున్నాడు. షెడ్డులో గ్రైండర్ చప్పుడు ఆగింది. పనివాళ్ళు ఈ తగాదా వినడానికే ఆపారని నాకు తెలుసు. “కరెంటు ఊకెనే వస్తలేదు, పని కానియ్యుండ్రి” అని కేకేశాను. మళ్ళీ మొదలైంది.

నేను వాకిట్లో స్టూలు వేసుకుని, దారం కట్టిన అయస్కాంతాన్ని నేల మీద ఈడుస్తూ రాలిన నట్లూ బోల్టులూ ఏరుతున్నాను. అది నా రోజువారీ పని. మంచి బోల్టును మట్టితో పాటు ఊడ్చి పారేస్తే నేను ఊరుకోను. ఆ రోజు మాత్రం దారం పక్కన పెట్టాను. వచ్చినామె గొంతులో కోపం కంటే భయం ఎక్కువగా వినిపించింది.

ఆమెది ఎడపల్లి. భార్యాభర్తలిద్దరూ కలిసి చెరుకు వేస్తారు గానీ మాట్లాడేది ఆమే. ఆయన వస్తే ట్రాక్టరు దిగడు. బోధన్ వైపు ఇప్పుడు చెరుకు వేసేవాళ్ళు తగ్గారు. వేసినవాళ్ళు దూరపు ఫ్యాక్టరీలకు లారీల్లో పంపుకుంటున్నారు. అక్కడ లారీ వరుసలో నిలబడి ఉండగానే చెరుకు తూకం పోతుంది. ఆ తిప్పలు వద్దనుకుని, చేను దగ్గరే బెల్లం వండుకుందామని ఈమె మా షెడ్డుకు వచ్చింది. పెనం తమ చుట్టాల దగ్గర పాతది దొరికిందట. గానుగ ఒక్కటే కావాలి.

చెరుకు కొట్టే ముఠా మహారాష్ట్ర నుంచి వస్తుంది. పిలిస్తే వచ్చినప్పుడే కొట్టించుకోవాలి. లేదంటే వాళ్ళు ఇంకో ఊరికి పోతారు, మళ్ళీ దొరకరు. గానుగ లేకుండా పిలిస్తే కొట్టిన చెరుకు కుప్పలోనే ఎండుతుంది. పిలవకపోతే నిలబడ్డ చెరుకు లోపల గుల్ల అవుతుంది, రసం పోయి బెండు మిగులుతుంది. ఆమె ఏడాది పంట మా షెడ్డు మూలన నిలబెట్టిన ఒక్క ఇనుప చట్రం మీద ఆధారపడి ఉంది.

“అన్నా, ఒక్క మాట అడుగుత,” అంది ఆమె, గొంతు తగ్గించి. “గా కొబ్బరికాయ ఎప్పుడు కొట్టినవ్? పండుగకు ముందే కదా. కొట్టిన దినం రెండు ఇనుప ముక్కలు కోసి నాకు సూపెట్టినవ్. నా పని మొదలైందని నేను ఊరంత జెప్పుకున్న. గా రెండు ముక్కలు కోసింది నా గానుగ కోసమా, నా నోరు మూసెతందుకా?”

ఆ కొబ్బరికాయ సంగతి చెప్పాలి.

మా ఆయన ఉన్న రోజుల నుంచి మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా పని చెప్పి ముందుగా బయానా డబ్బు ఇస్తే, వాళ్ళ ఎదురుగానే మొదటి ఇనుప పలక కోసి, దానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాలి. ‘నీ పని ఇవాళ్టి నుంచి నా పని’ అని చెప్పినట్టు. అప్పుడు మేము కిటికీ గ్రిల్లులూ ఎడ్లబండి ఇరుసులూ చేసేవాళ్ళం. వెల్డింగ్ మిషను ఒక్కటే. ఒకరి పని వాకిలి దాటితే గానీ ఇంకొకరి బయానా ముట్టుకునేవాడు కాదాయన. ముట్టుకుంటే చేసే వీలు ఉండేది కాదు.

నా కొడుకు చేతికి వచ్చాక షెడ్డు పెరిగింది. చెరుకు గానుగలు, పసుపు ఉడకబెట్టే బాయిలర్లు, పసుపుకు మెరుపు తెచ్చే డ్రమ్ములు చేస్తున్నాం. బజారులో తయారుగా దొరికేవి కావివి. ఎవరి కొట్టం ఎట్లా ఉంటే, ఎవరి కరెంటు ఎటు నుంచి వస్తే, దానికి తగ్గట్టు కొలత తీసి చేయాలి. ఒకటి చేసినట్టు ఇంకొకటి ఉండదు. పని మారింది గానీ కొబ్బరికాయ మారలేదు. ఎవరు బయానా తెచ్చినా ఆ రోజే కాయ కొట్టుడు, ఆ రోజే రెండు ముక్కలు కోసుడు. షెడ్డు నేలంతా పెళ్ళిలో సగం తిని లేచిన విస్తళ్ళలాగా అయింది. ఒక మూల సగం డ్రమ్ము, దాని పక్కన మూత లేని బాయిలర్, మధ్యలో ఎవరివో పలకలు. అన్నీ మొదలైనవే. ఏదీ పూర్తి కాలేదు. ఎవరు వచ్చి అడిగినా నా కొడుకు చెప్పేది ఒకటే మాట. అబద్ధం చెబుతున్నానని వాడు ఏనాడూ అనుకోలేదు. చూసినప్పుడల్లా అన్నీ వాడికి నిజంగానే అయినట్టే కనబడేవి.

ఎడపల్లి ఆమె చర్చికి పోయే మనిషి. ఆమె బయానా రోజు కూడా వాడు కొబ్బరికాయ తెచ్చాడు. “మీ పద్ధతి మీది అన్నా, కానియ్యి” అని, ఆమె కొంచెం పక్కకు జరిగి, కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకుంది. మిగతావాళ్ళంతా కాయ పగిలితే సంతోషపడి పోయేవాళ్ళు. ఆ పగిలిన కాయ ఏం పని చేసిందని నిలబెట్టి అడిగింది ఈమె ఒక్కతే.

“సరే,” అంది ఆమె చివరికి. “నేనియ్యాల పోను. నా గానుగ కాడ ఏం పని అయితదో కూసోని సూస్త.”

“కూసో అక్కా, కుర్చీ ఏస్త,” అన్నాడు నా కొడుకు. వాడికి దాచేది ఏమీ లేదు కదా.

ఆమె కుర్చీ నా స్టూలు పక్కకు జరుపుకుంది. నేను చాయ్ తెప్పించాను. ఒక్క చాయ్‌నే రెండు గ్లాసుల్లో పోశాను.

“సగమే పోసినవ్ అవ్వా?”

“పూర తాగితే పిత్తం జేస్తది.”

“మా అత్త గూడ గట్లనే అంటుండె,” అని నవ్వింది. వచ్చినప్పటి నుంచి అదే మొదటి నవ్వు.

అట్లా ఇద్దరం కూర్చున్నాం. ఏళ్ళ తరబడి నేను అదే వాకిట్లో కూర్చుంటున్నాను. మనుషులు పని చేస్తున్నారా, చేయడం లేదా అనేదే చూసేదాన్ని. ఎవరైనా ఖాళీగా నిలబడితే నా కళ్ళకు ఇట్టే దొరికేవాడు. ఆ రోజు ఆమె పక్కన కూర్చుని మొదటిసారి మనుషులను వదిలి వస్తువును చూశాను. మనుషులంతా చెమటలు కారేలా పని చేస్తున్నారు. గానుగ మాత్రం మూలన ఊరికే ఉంది.

ఎండ వాకిట్లోకి వచ్చింది. గానుగ దగ్గరికి ఎవరూ పోలేదు. పెద్ద ఫిట్టర్ ఒకసారి అటు నడిచాడు. ఆమె కుర్చీలో ముందుకు వంగింది. అతను స్పానర్ తీసి, ఆమె చట్రానికి ఉన్న బోల్టులు రెండు విప్పుకుని, వాటితో పసుపు డ్రమ్ము దగ్గరికి పోయాడు.

“సూసినవా అవ్వా? పెట్టుడు లేదు గని గుంజుకపోవుడు ఉన్నది!”

నేను ఫిట్టర్‌ను పిలిచి కడిగేశాను. “నేనేం జేయాలె అవ్వా,” అన్నాడు అతను. “డ్రమ్మాయన పొద్దుగాల సంది పోన్ల మీద పోన్లు గొడుతున్నడట. అన్న గదే ముందుగాల జూడమన్నడు.”

అది కూడా నిజమే. నా కొడుకు ఫోను మోగితే షెడ్డులో మనుషులు అటు తిరుగుతున్నారు. డ్రమ్మాయన కోప్పడితే అందరూ డ్రమ్ము మీదికి. బాయిలరాయన కోప్పడితే డ్రమ్ము వదిలి బాయిలర్ మీదికి. చేతిలో పని దించి, సామాను సర్ది, ఇంకోటి ఎత్తుకుని, ఎంతవరకు చేశామో గుర్తు తెచ్చుకుని మొదలు పెట్టేలోపు మళ్ళీ ఫోను. గట్టిగా తిట్టేవాళ్ళ పని ముందు నడుస్తుంది. ఈమె ఫోను చేస్తే మర్యాదగా మాట్లాడుతుంది కాబట్టి ఈమె గానుగ మూలన పడింది.

గేర్‌బాక్స్ సంగతి అడిగితే ఇంకొకటి బయటపడింది. అది హైదరాబాద్ నుంచి రావాలి. చట్రం పూర్తయ్యాక చెబుదాంలే అని నా కొడుకు ఆగాడు. చట్రమేమో గేర్‌బాక్స్ కొలత తెలిస్తే గానీ పూర్తి కాదని ఫిట్టర్ ఆగాడు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగి, ఇద్దరూ ఆమెతో అయినట్టే అంటున్నారు.

మధ్యాహ్నం తిన్న తర్వాత ఆమె కుర్చీలోంచి లేచి గానుగ దగ్గరికి పోయింది. చుట్టూ తిరిగి చూసింది. చెరుకు పెట్టేవాళ్ళు నిలబడినట్టు నిలబడింది.

“అన్నా, ఇట్ల రా. నేను చెరుకు ఎటు నుంచి పెట్టాలె?”

“గిటు నుంచి అక్కా. నువ్వు నిలవడ్డ దిక్కు నుంచే.”

“మా కొట్టంల గిటు దిక్కు కాలువ ఉన్నది కదా. కాలువల నిలవడి పెట్టాల్నా?”

షెడ్డులో ఒకడు కిసుక్కున నవ్వాడు. నా కొడుకు నవ్వలేదు. వాడు కొలతలన్నీ సుద్దముక్కతో నేల మీద గీస్తాడు. నిలువెత్తు బొమ్మ, అచ్చం గానుగ అంత. మంచి చెయ్యి వాడిది. ఆమె చెప్పినట్టు ఎడమ వైపు నుంచి చెరుకు పోయేటట్టే గీశాడట. దాని మీద ఇంకొకరి పలకలు పడ్డాయి, వాటి మీద మనుషులు నడిచారు, గీత చెరిగిపోయింది. ఫిట్టర్ ఎప్పుడూ చేసే అలవాటు ప్రకారం కుడి వైపుకు రంధ్రాలు వేశాడు. నా కొడుకు ఆ పలకలు జరిపి, మోకాళ్ళ మీద కూర్చుని, గీత కోసం చాలాసేపు వెతికాడు. దొరకలేదు. లేచి, “మళ్ళ జేస్త అక్కా,” అన్నాడు. ఆ మాటలో ‘అయినట్టే’ లేదు.

ఇదంతా కొత్త సంగతేం కాదు. నా కోడలు ఎప్పటి నుంచో చెబుతూనే ఉంది. ఆమె పాలిటెక్నిక్ చదివింది. ఫోనులూ సామాను తెప్పించడమూ ఆమె చూస్తుంది. బొమ్మ కాగితం మీద గీసి గిరాకీకి చూపించి, వాళ్ళు సరే అన్నాకే ఇనుము కోయాలనేది. దూరం నుంచి రావాల్సిన వస్తువులు ముందే చెప్పి తెప్పించుకోవాలనేది. ఒకటి పూర్తయితేనే ఇంకోటి నేల మీదికి దించాలనేది. నా కొడుకు, “కాగితం మీద గీసుకుంట కూసుంటే గిరాకీ లేచిపోతది” అని కొట్టిపారేసేవాడు. గేర్‌బాక్సు ముందే కొని పక్కన పెడదామంటే నేనే అడ్డం పడేదాన్ని. అవసరం రాకముందే సామాను కొని మూలన పెట్టడం నాకు నచ్చదు. ఇంట్లో ఉప్పు కూడా డబ్బా అడుగు కనబడితేనే తెప్పిస్తాను.

ఆ సాయంత్రం ఎడపల్లి ఆమెను బస్సు ఎక్కించి వచ్చాక ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. కోడలు అన్నం వడ్డించింది. షెడ్డు మాట ఎత్తితే ‘నేను చెప్పలేదా’ అన్నట్టు ఉంటుందని ఎత్తలేదు. నేనే అడిగాను.

“నువ్వయితే ఏం జేస్తువు పిల్లా?”

“ఏం జేద్దు అత్తమ్మా. అన్నిటినీ పక్కకు జరిపి ఈ గానుగ ఒక్కటి నడుమకు తెద్దును. ఇది వాకిలి దాటే దాక ఇంకో కొబ్బరికాయ కొట్టనియ్యకపోదును.”

“మరి మిగిలినోళ్ళు?” అన్నాడు నా కొడుకు. “వాళ్ళు ఊకుంటరా?”

“ఇప్పుడేమన్న సంబరపడుతున్నరా?” అంది కోడలు.

ఇది అర్థం కావడానికి నాకు చదువు అక్కరలేకపోయింది, బీడీలు చాలాయి. పెళ్ళయిన కొత్తలో చాలా ఏళ్ళు నేను బీడీలు చేశాను. తునికాకు తడిపితేనే మెత్తబడుతుంది, కత్తిరించడానికి వస్తుంది. అయితే కార్ఖానా నుంచి తంబాకు వచ్చాకే ఆకు తడపాలి. ముందే తడిపితే, తంబాకు రాకపోతే ఆకు బూజు పడుతుంది, ఎండబెడితే పగులుతుంది. ఆకు, తంబాకు, దారం, కత్తెర అన్నీ చాటలో పెట్టుకుంటేనే కూర్చునేవాళ్ళం. మా వాడకట్టులో ఏ ఆడదీ తంబాకు లేకుండా ‘మొదలు పెట్టాను’ అని చెప్పుకోవడానికి ఆకు తడిపేది కాదు. మా షెడ్డులో మేము రోజూ చేస్తున్నది అదే. కొబ్బరికాయ కొట్టి కోసిన ఆ రెండు ముక్కలు తంబాకు రాకముందే తడిపిన ఆకు. అవి నేల మీద పడి తుప్పు పడుతున్నాయి. గేర్‌బాక్సు ముందే కొంటే డబ్బు మూలన పడుతుందని నేను వద్దన్నాను గదా, మరి సగం చేసిన ఇనుమంతా ఏ మూలన పడి ఉందో ఆ రోజు పొద్దంతా చూశాను.

“కోడలు జెప్పినట్టు కానియ్యుండ్రి,” అన్నాను. “గేర్‌బాక్స్ రేపే జెప్పి తెప్పియ్యుండ్రి.”

“నువ్వేనా గీ మాట అంటున్నది?” అన్నాడు నా కొడుకు.

“నేనే. అన్నం సల్లారుతున్నది, తిను.”

మర్నాటి నుంచి గానుగ షెడ్డు నడుమకు వచ్చింది. మిగతావి గోడ వారకు జరిగాయి. కోడలు కాగితం మీద బొమ్మ గీసి ఫోనులో ఎడపల్లి పంపింది. కాలువ ఎటు, తలుపు ఎటు, కరెంటు స్తంభం ఎటు అని అడిగి, ఆమె సరే అన్నాకే ఫిట్టర్ డ్రిల్లు ముట్టుకున్నాడు.

ఇంకొకటి కూడా మారింది. రోజూ పొద్దున చాయ్ దగ్గర నా కొడుకు “ఎంతవరకు అయింది?” అని అడిగేవాడు. కోడలు ఆ మాట వదిలేసి “ఏం ఆగింది?” అని అడగడం మొదలు పెట్టింది. మొదటి రోజు పెద్ద ఫిట్టర్‌కు కోపం వచ్చింది.

“ఏంది వదినె, పోలీసోళ్ళ లెక్క అడుగుతున్నవ్? నేనేం దాచిపెట్టిన?”

“నువ్వు దాచినవని కాదన్నా. నీకేం కావాలెనో అడుగుతున్న.”

అతను చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత మెల్లగా, “లేత్ షాపుల రోలర్లకు గాడి కొట్టుడు ఆగింది. వాని కాడికి ఎవ్వరు పోతలేరు,” అన్నాడు. ఎంతవరకు అయిందని అడిగినన్నాళ్ళూ అతను రోలర్లు అయినట్టే అని చెబుతున్నాడు. గాడి లేని రోలరు గేరుకు పట్టదు. ఆ పూటే నా కొడుకు బండి మీద పోయి, లేత్ షాపులో కూర్చుని చేయించుకుని వచ్చాడు. ప్రశ్న మారితే జవాబు ఇంతగా మారుతుందని నేను అనుకోలేదు.

ఫోనులు వచ్చాయి. తిట్లూ వచ్చాయి. ఫోను కోడలు ఎత్తి, “మీది గోడ పక్కకు ఉన్నది. దాని మీద ఇప్పుడు పని నడుస్తలేదు. గానుగ పోయినంక మీదే,” అని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. డ్రమ్మాయన అరిచి పెట్టేశాడు. బాయిలరాయన మాత్రం, “గీ మాట ముందే జెప్తే నా తిరుగుడు తప్పుతుండె కదమ్మా” అన్నాడట.

ఆ నడుమనే అసలు తగాదా వచ్చింది. మహారాష్ట్ర సరిహద్దు అవతలి నుంచి ఒక పసుపు ఆసామి కారులో దిగాడు. పెద్ద బాయిలర్ కావాలట. మా దగ్గరి కంఠేశ్వర్ గుడి కాడ కొబ్బరికాయ, పూలు కొనుక్కుని మరీ వచ్చాడు. జేబులోంచి బయానా తీసి బల్ల మీద పెట్టాడు. నా కొడుకు చెయ్యి దాని మీదికి పోయి ఆగింది, వాడు నా వైపు తిరిగాడు.

“సేటు,” అంది కోడలు, “బొమ్మ గీస్తం, కొలతలు తీస్తం. పలక మాత్రం ఇయ్యాల కొయ్యం.”

“అరే, ఎందుకు బేటీ? ఆజ్ అచ్చా దిన్ హై, మంచి రోజు. ఒక్క ముక్క కొయ్యుండ్రి, బస్.”

“ఇయ్యాల ముక్క కోస్తే మీది ముందుగాల కాదు. మీ సామానంత వచ్చినంక మొదలువెడితేనే ముందుగాల అయితది.”

“మొదలే పెట్టనిది ముందుగాల ఎట్లైతది?” అని అతను నా వైపు తిరిగాడు. “ఆజీ, మీరు పెద్దోళ్ళు. మీరు జెప్పుండ్రి.”

ఒక ముక్క కోయడమంటే ఇద్దరు మనుషులను గానుగ మీది నుంచి లేపాలి. పలక తేవాలి, గీయాలి, కోయాలి. పూట పోతుంది. అటు ఎడపల్లి ఆమె అప్పటికే ముఠాకు కబురు పెట్టేసింది. వాళ్ళు బయల్దేరారని పొద్దునే ఫోను చేసింది.

బల్ల మీది డబ్బు చూసి నాకు బాధ కలగలేదని చెప్పను. ఇంటికి వచ్చిన బయానాను నేను ఎన్నడూ తిప్పి పంపలేదు.

“కాయ పట్కపోయి పచ్చడి జేపిచ్చుకో సేటు,” అన్నాను. “మా షెడ్డుల ఇప్పుడు కాయ కొట్టే జాగ లేదు.”

అతనికి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. డబ్బు జేబులో పెట్టుకుని, పూలు మాత్రం బల్ల మీదే వదిలి, కారెక్కి పోయాడు.

కారు మలుపు తిరగ్గానే నా కొడుకు నా మీద విరుచుకుపడ్డాడు. “కండ్ల ముంగట బయానాను కాలవెట్టి తన్నినవ్ అవ్వా! బాపు ఉంటే గిట్ల జేస్తుండెనా?”

“మీ బాపు ఉంటే నేల మీద గిన్ని సగం పనులు ఉంటుండెనా?”

“గప్పటి కాలం వేరు.”

“కాలం వేరే. అందుకే జెప్తున్న. చట్రం పట్టు.”

వాడు చట్రం పట్టాడు గానీ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. పసుపు ఆసామి ఇంకో షెడ్డుకు పోయాడనీ, అక్కడ ఆ రోజే పలక కోశారనీ తర్వాత తెలిసింది. మేము చేసింది మంచిదా కాదా అని నాలో నేను చాలాసార్లు తర్కించుకున్నాను. లెక్క తేలలేదు. ఒకరికి ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి ఇంకొకరికి మాట ఇవ్వకుండా ఉండాలని మాత్రం తెలిసింది. ఇది చెప్పడానికి తేలిక. బల్ల మీద డబ్బు ఉన్నప్పుడు తేలిక కాదు.

గేర్‌బాక్స్ బస్సు పార్సిల్‌లో వచ్చింది. నా కొడుకే బస్టాండుకు పోయి ఆటోలో వేయించుకుని తెచ్చాడు. అది చట్రం మీద కూర్చోబెడితే రంధ్రాలు సరిగ్గా కలిశాయి. మోటారు పెట్టి, బెల్టు ఎక్కించి, కంఠేశ్వర్‌లో రసం అమ్మేవాడి దగ్గర కొన్న చెరుకు గడలు ఎడమ వైపు నుంచి పెట్టారు. పిప్పి అటు పడింది, రసం ఇటు కారింది. పనివాళ్ళంతా గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. పెద్ద ఫిట్టర్ మొదటి గ్లాసు కోడలికి ఇచ్చాడు. “ఇగో వదినె, ఏం ఆగలేదు,” అన్నాడు.

సాయంత్రం పొద్దు దిగే వేళకు నా కొడుకు మళ్ళీ ఒక పేచీ తెచ్చాడు. రంగు వేయాలట. తుప్పు పట్టకుండా పూసిన ఎర్ర కోటింగు మీద ఆకుపచ్చ రంగు వేసి, షెడ్డు పేరు రాయించి పంపాలట.

“రంగు లేకుంట పంపితే ఇజ్జత్ పోతదే అవ్వా.”

“పేంటర్ ఎప్పుడొస్తడు?”

“వచ్చినట్టే...” అని, వాడే ఆగిపోయాడు. కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“నవ్వకు,” అన్నాడు పెళ్ళాంతో. “నాలుగేండ్లు కనబడే వస్తువు. చూసినోళ్ళు ఎవ్వరు జేసిండ్రని అడుగుతరు. గిట్ల బోసిగ, ముండమోపి లెక్క...”

“నోరు మంచిగ పెట్టుకో,” అన్నాను నేను. ఆ మాట నా ముందర అన్నందుకు వాడే తల దించుకున్నాడు.

కోడలు ఎడపల్లికి ఫోను కలిపి, రంగు సంగతి అడిగింది. ఫోను అందరికీ వినబడేటట్టు పెట్టింది.

“రంగు నాకెందుకు వదినె? రసం వస్తున్నదా?”

“వస్తున్నది. మేం తాగినం.”

“నాకు లేకుంటనే తాగిండ్రా! రంగు డబ్బా ఇయ్యుండ్రి, తీరికున్నప్పుడు మేమే ఏసుకుంటం. ముఠా వచ్చి దిగింది. మా ఆయన పొద్దుగాల్నే ట్రాక్టరు తెస్తడు.”

“సగం డబ్బా ఉన్నది, గది ఇస్తం,” అన్నాను నేను పక్క నుంచి. “నిండుది ఇయ్యం.”

“నీ సగం చాయ్ యాదికున్నది అవ్వా,” అంది ఆమె.

నా కొడుకు ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. పేరు లేకుండా పోతుందన్నాడు. పేరు లేకపోయినా ఎవరు చేశారో ఎడపల్లిలో అందరికీ తెలుస్తుందని నేను అన్నాను. అది నమ్మి అన్నానో, వాణ్ణి ఊరుకోబెట్టడానికి అన్నానో చెప్పలేను. షెడ్డు షట్టరు దించి ఇంట్లోకి వచ్చాం.

మర్నాడు పొద్దున ట్రాక్టరు వచ్చింది. ఎన్నడూ దిగని ఆయన ఆ రోజు దిగాడు. ముఠావాళ్ళు అప్పటికే చేనులో దిగి చెరుకు కొడుతున్నారని చెప్పాడు. గొలుసు కప్పీ వేసి గానుగను ట్రాలీలోకి ఎత్తారు. కింద గడ్డి పరిచి, తాళ్ళు కట్టారు. నా కొడుకు స్పానర్ల సంచీ, సగం రంగు డబ్బా పట్టుకుని, బిగించి వస్తానని చెప్పి ట్రాలీలోనే ఎక్కి కూర్చున్నాడు. ట్రాక్టరు బోధన్ రోడ్డు ఎక్కింది.